ఆరేడు వేల చైన్ సా కొనొచ్చా? డబ్బు కట్టే ముందు చేయాల్సిన పరీక్షలు

ఉద్యోగం బెంగళూరులో, హిందూపురం దగ్గరో మదనపల్లె దగ్గరో రెండు మూడెకరాల మామిడి తోట. యలహంక, కేఆర్ పురం, మారతహళ్లి వైపు కాపురముండే మనవాళ్లలో ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. శనివారం తెల్లవారుజామున బండి తీస్తే ఎండెక్కేలోపు తోటలో ఉంటారు. కోతలైపోయాక మామిడి కొమ్మలు కత్తిరించాలి. గాలివానకు విరిగిన వేప మండ తీయాలి. గట్టు మీద అల్లుకున్న సర్కారు తుమ్మ కొట్టాలి. గొడ్డలితో రోజంతా పట్టే పని మిషనుతో గంటా రెండు గంటల్లో తేలిపోతుంది. ఫోన్‌లో వెతికితే 58 సీసీ చైన్ సా, అంటే పెట్రోలుతో నడిచే గొలుసు రంపం, ఆరేడు వేలకే కనిపిస్తుంది. పేరున్న కంపెనీ చిన్న మిషను దానికి మూడు రెట్లు.

కొనొచ్చా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఇంజన్ చూసి కొనకండి. ఇంజన్ దాదాపు అన్నిట్లోనూ తిరుగుతుంది. చైన్ బ్రేకు పట్టుకుంటోందా, చైనుకు నూనె వస్తోందా, చెడిపోతే సామాను దొరుకుతుందా, ఈ మూడూ చూసి కొనండి.

మా చిన్నాయన మిషను చూశాకే ఇది నాకు తలకెక్కింది. ఆన్‌లైన్‌లో తెప్పించాడు. మొదటిరోజు బాగానే కోసింది. రెండోరోజు వేప మొద్దు మీద పెట్టగానే పొగ. చైను మొండైందేమో అనుకుని ఇంకాస్త నొక్కాడు. నేను వెళ్లి కవరు విప్పి చూస్తే బారు, అంటే చైను చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ, అంచు నీలం తిరిగి ఉంది, కాలిన ఇనుము వాసన. నూనె ట్యాంకు మాత్రం నిండుగా ఉంది, పొద్దున పోసింది పోసినట్టే. నూనె పంపును తిప్పే ప్లాస్టిక్ గేరు పళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. అంతకంటే భయపెట్టింది బ్రేకు. లివరు ముందుకు తోస్తే టక్ అని చప్పుడైంది గానీ చైను తిరుగుతూనే ఉంది. అలాంటి మిషనుతో ఆయన ఒకటిన్నర రోజు కోశాడు.

ముందు మీ కట్టె లెక్క వేసుకోండి

ఏడాదికి ఎన్ని రోజులు కోస్తారో కాగితం మీద రాయండి. ఎంత లావు కట్టె, ఏ చెట్టు అనేదీ రాయండి. మామిడి కొమ్మ మెత్తగా తెగుతుంది. చింత చేవ, తుమ్మ చేవ అలా కాదు, చైను పదును రెండు మూడు కోతల్లోనే తెలిసిపోతుంది. కొబ్బరి మొద్దు పీచు చైనును తొందరగా మొండిచేస్తుంది. నేలకు ఆనుకున్న కట్టె ఏదైనా సరే, బెరడులో ఇసుక ఉంటుంది, ఇసుక తగిలితే పదును ఒక్క క్షణంలో పోతుంది.

ఏడాదికి రెండు మూడు రోజులే పని ఉంటే కొనకండి. మిషనుతో వచ్చి రోజు కూలికి కోసిపెట్టే మనుషులు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ కూలిలో వాళ్ల పెట్రోలు, వాళ్ల చైను, వాళ్ల అనుభవం అన్నీ కలిసే ఉంటాయి. ఏడాదికి ఐదు నుంచి పది రోజుల పని, కట్టె లావు అడుగు లోపు అయితే చౌక మిషను గురించి ఆలోచించడం న్యాయమే. నెలనెలా కోసే పని ఉంటే, లేదా కట్టె అమ్ముకునేవాళ్లయితే, చౌకది మీకు పనికిరాదు. అప్పుచేసైనా మంచిదే కొనండి.

సీసీ, ఇంచీలు, బారు మీది అంకెలు

స్టిల్ కంపెనీ చిన్న మోడల్ ఎంఎస్ 180 ఇంజన్ 31.8 సీసీ మాత్రమే. దానికి మూడు రెట్లు తక్కువ ధరకు 58 సీసీ వస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. సీసీ ఎక్కువైనంత మాత్రాన కోత బాగుంటుందనేం లేదు. పైగా ఆ పెద్ద మిషను, బారు, పెట్రోలు, నూనె అన్నీ కలిపి ఏడెనిమిది కిలోలు తూగుతుంది. అరగంట పట్టుకుంటే మోచేతులు వణకడం మొదలవుతుంది. చేతులు వణికేటప్పుడు రంపం పట్టడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

రాసిన సీసీని మీరే సరిచూసుకోవచ్చు. మాన్యువల్లో సిలిండర్ వ్యాసం, స్ట్రోక్ ఇచ్చి ఉంటే రెండిటినీ సెంటీమీటర్లలోకి మార్చండి. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దాన్ని స్ట్రోక్‌తో గుణించి, వచ్చిన దాన్ని 0.785తో గుణించండి. 4.5 సెంటీమీటర్ల వ్యాసం, 3.4 స్ట్రోక్ అయితే వచ్చేది 54 సీసీ. పెట్టె మీద 58 అని ఉండి లోపల కాగితంలో ఈ కొలతలుంటే, ఆ అమ్మకందారు మిగతా మాటల్నీ అంతే నమ్మండి.

బారు పొడవు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. 22 ఇంచీల బారు చూడ్డానికి ఘనంగా ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ ఇంజన్ మీద బరువు, చైను ఖరీదు, ఆకురాయి పట్టే సమయం అన్నీ పెరుగుతాయి. మీ కట్టె లావు కంటే రెండంగుళాలు ఎక్కువుంటే చాలు. మామిడి కొమ్మలకు 12 నుంచి 16 ఇంచీలు ధారాళం. 58 సీసీ తప్పనిసరిగా కొంటున్నా 18 దాటి పోకండి.

బారు మీద మొదలు దగ్గర మూడు అంకెలు చెక్కి ఉంటాయి. ఉదాహరణకు .325, .058, 76. మొదటిది చైను పిచ్, అంటే లింకుల మధ్య దూరపు కొలత, రెండోది బారు గాడిలో కూర్చునే పంటి మందం, రెండూ ఇంచీల్లో. మూడోది గాడిలో దిగే పళ్ల సంఖ్య. రేపు కొత్త చైను కొనాలంటే ఈ మూడూ కలవాలి, ఒక్కటి తప్పినా చైను ఎక్కదు. అంకెలు లేని బారుతో వచ్చే మిషనును నేనైతే అక్కడే వదిలేస్తాను.

బ్రేకు: ఇక్కడ తొందరపడకండి

బారు కొన పైభాగం, అంటే గడియారంలో పన్నెండుకీ మూడుకీ మధ్య ఉండే భాగం, దేనికైనా తగిలితే మిషను ఒక్కసారిగా పైకి, మీ మొహం వైపు ఎగురుతుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. కన్ను మూసి తెరిచేలోపు జరిగిపోతుంది, చేత్తో ఆపడం ఎవరి వల్లా కాదు. ముందు పిడికి అవతల నిలబడి ఉండే గార్డు బ్రేకు లివరు కూడా. మిషను ఎగిరినప్పుడు మీ ఎడమ చేతి మణికట్టు తగిలో, ఆ కుదుపుకు దానంతట అదో ముందుకు పడాలి. పడగానే ఉక్కు పట్టీ క్లచ్ డ్రమ్ముకు బిగుసుకుని చైను ఆగిపోవాలి.

మూడు రకాలుగా పరీక్షించండి. మొదటిది ఇంజన్ ఆపి ఉండగా. చేతికి గ్లవ్స్ వేసుకుని, లివరు వెనక్కి లాగి ఉంచి, చైనును బారు మీద ముందుకు లాగండి, జరగాలి. లివరు ముందుకు తోసి మళ్లీ లాగండి, ఈసారి ఇసుమంతైనా జరగకూడదు. రెండోది కూడా ఇంజన్ ఆపే. మిషనును ఒక మొద్దు పైన ఒకటింబావు అడుగుల ఎత్తున పట్టుకోండి. వెనక పిడిని వదలకుండా ముందు పిడిని మాత్రం వదిలి, బారు కొన మొద్దు మీద పడనివ్వండి. ఆ దెబ్బకు బ్రేకు దానంతట అదే పడాలి. పడలేదంటే కిక్‌బ్యాక్‌లోనూ పడుతుందని నమ్మలేం.

మూడోది ఇంజన్ నడుస్తుండగా. మిషనును నేల మీద గట్టిగా ఆనించి, బారు దేనికీ తగలకుండా చూసి, రెండు చేతులతో పట్టుకోండి. రేస్ పూర్తిగా ఇచ్చి, పిడి వదలకుండా ఎడమ మణికట్టుతో లివరు తోయండి. చైను అక్కడికక్కడ ఆగాలి. వెంటనే రేస్ వదిలేయండి, లేకపోతే క్లచ్ కాలిపోతుంది. ఇంకో రెండు చుట్లు తిరిగి మెల్లగా ఆగిందంటే ఆ మిషను మీది కాదు. ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దు.

బ్రేకుతోపాటు మరో మూడు చిన్నవి చూడండి. రేస్ ట్రిగ్గర్ పైనున్న లాకును అరచేత్తో నొక్కితే తప్ప ట్రిగ్గర్ కదలకూడదు. బారు మొదట్లో కింద చిన్న కొక్కెం, చైన్ క్యాచర్, ఉండాలి. చైను తెగితే మీ చేతికి తగలకుండా ఆపేది అదే. వెనక పిడి కింది భాగం వెడల్పుగా, చేతికి అడ్డుగా ఉండాలి. మొహమాటపడకుండా కవరు విప్పించి చూడండి, రెండు నట్ల పనే.

చైనుకు నూనె వస్తోందా?

పెట్రోల్ చైన్ సాలో రెండు ట్యాంకులు ఉంటాయి. ఒకటి పెట్రోల్ మిశ్రమానికి, ఇంకొకటి చైనుకు పోసే నూనెకు. రెండోది పని చేయకపోతే మిషను కొన్ని నిమిషాల్లోనే బారును, చైనును కాల్చుకుంటుంది.

అట్టపెట్టె ముక్క ఒకటి తీసుకోండి. మిషను స్టార్ట్ చేసి, బారు కొనను అట్టకు ఒక జానెడు దూరంలో, తగలకుండా పెట్టి, సగానికి పైగా రేస్ ఇచ్చి అరనిమిషం ఉంచండి. అట్ట మీద సన్నటి నూనె గీత పడాలి. పడకపోతే బారు విప్పించండి. బారు మొదట్లో ఉన్న చిన్న రంధ్రం, బాడీ నుంచి నూనె వచ్చే సందు ఒకదానికొకటి సరిపోవాలి. కొన్ని చౌక మిషన్లలో ఇవి పక్కకు జరిగి ఉంటాయి. నూనె పంపు గేరు ప్లాస్టిక్కా లోహమా అని అడగండి. ప్లాస్టిక్ అయితే అదే గేరు విడిగా అమ్ముతారా అని కూడా అడిగి, ఉంటే ఒకటి అప్పుడే కొనేయండి. మా చిన్నాయన మిషను చెడింది అక్కడే.

స్టార్ట్ చేసి చూడటం

ఇంజన్ ఆపి ఉండగా స్టార్టర్ తాడు పిడి పట్టుకుని మిషనును నెమ్మదిగా పైకెత్తండి. సిలిండరులో కంప్రెషన్ బాగుంటే బరువుకు గబుక్కున జారదు, ఆగి ఆగి, మెట్లు దిగినట్టు దిగుతుంది. నీళ్లలో బకెట్ వదిలినట్టు ఒకేసారి జారిపోతే లోపల ఏదో వదులుగా ఉన్నట్టే. పేరున్న కంపెనీల్లో సులభంగా స్టార్ట్ అయ్యే ఏర్పాటున్న వాటికి ఈ పరీక్ష వర్తించదు.

చల్లగా ఉన్నప్పుడు చోక్ వేసి ఐదారు లాగులకు పలకాలి. తర్వాత రేస్ వదిలేస్తే ఇంజన్ ఆగకుండా నిలకడగా నడవాలి, చైను మాత్రం కదలకూడదు. రేస్ వదిలినా చైను పాకుతుంటే ఐడిల్ స్క్రూ కొద్దిగా తిప్పించండి. తిప్పినా ఆగకపోతే క్లచ్ స్ప్రింగుల లోపం.

అసలు పరీక్ష ఆ తర్వాతిది. ఐదు నిమిషాలు బాగా నడిపి, ఆపి, పది నిమిషాలు వదిలేయండి. వేడి మీద మళ్లీ రెండు మూడు లాగులకు స్టార్ట్ కావాలి. పొద్దున బాగా పలికిన మిషను మధ్యాహ్నం తోటలో ఎంత లాగినా పలకకుండా మొరాయించేది ఈ లోపం వల్లే. బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఒక కొట్టాయన నాతో, “సార్, పెట్రోలు పోసి చూపించమని ఎవరూ అడగరు” అన్నాడు. “అన్నా, నేను అడుగుతున్నా, పెట్రోలు డబ్బులు నేనిస్తా” అన్నాను. ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి చూపించాడు. అలా చూపించే కొట్టులో వంద రూపాయలు ఎక్కువైనా కొనండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వచ్చిన రోజే ఈ పరీక్షలన్నీ చేయండి, వెనక్కి పంపే గడువు దాటనివ్వకండి.

సామాను దొరుకుతుందా?

కొట్టులో ఐదు వస్తువుల పేర్లు చెప్పి ధర అడగండి: కార్బురేటర్, క్లచ్, స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ల చక్రం) ఉన్న డ్రమ్ము, నూనె పంపు, స్టార్టర్ సెట్టు. ఐదింటికీ ధర చెప్పగలిగితే ఆ మిషనుకు ఆయుష్షు ఉంది. ఒకరకంగా 52, 58 సీసీ చైనా మిషన్లకు ఇదే గొప్ప బలం. పైన స్టిక్కర్లు ఎన్ని మారినా లోపలి సామాను చాలావరకు ఒకే మూసలోది, కాబట్టి ఒకదానివి ఇంకొకదానికి పడతాయి. విచిత్రమైన ఆకారంలో, ఎక్కడా చూడని పేరుతో వచ్చిన వాటితోనే చిక్కు. హిందూపురంలోనో మదనపల్లెలోనో వ్యవసాయ పనిముట్లు బాగుచేసే మెకానిక్‌కు ఫొటో పంపి, ఇది చేస్తావా అని ముందే అడగడం మంచిది. చెడేది తోటలో ఉన్నప్పుడే కదా.

బ్యాటరీ మినీ రంపాల మాట

రెండు మూడు వేలకు వచ్చే నాలుగు, ఆరు ఇంచీల బ్యాటరీ రంపాలు మణికట్టంత లావు కొమ్మలకు పనికొస్తాయి. ఇంటి ముందు నిమ్మ, జామ, కరివేపాకు చెట్లకు చాలు. వాటి మీద రాసే 48, 88 వోల్టుల లాంటి అంకెలు నమ్మకండి. లోపల ఐదు సెల్లులు వరసగా ఉంటే, ఒక్కోటి 3.6 వోల్టుల లెక్కన 18, నిండా ఛార్జి చేస్తే 21 వోల్టులు. అంతకు మించదు. రెండు ఆంపియర్-అవర్ బ్యాటరీ అయితే లోపలున్నది 36 వాట్-అవర్లు. 500 వాట్ల మోటారు పూర్తి బరువు మీద దాన్ని నాలుగైదు నిమిషాల్లో ఖాళీ చేస్తుంది. చాలావాటికి బ్రేకు ఉండదు, నూనె మీరే చుక్కలు వేయాలి. ఒంటి చేత్తో పట్టి, రెండో చేత్తో కొమ్మ పట్టుకోవడం అలవాటైపోతుంది. ఆ అలవాటు వేళ్ల మీదికి తెస్తుంది, వద్దు.

వైరుతో నడిచే కరెంటు రంపం ఇంటి ఆవరణకు బాగుంటుంది. 2000 వాట్ల దానికి దాదాపు 9 ఆంపియర్లు కావాలి, అంటే 16 ఆంపియర్ల సాకెట్, లావుపాటి ఎక్స్‌టెన్షన్ వైరు ఉండాలి. తోటలో వోల్టేజి పడిపోయే చోట దాని జోలికి పోకండి.

అసలు ఖర్చు

మిషను ధర పక్కన ఇవీ రాయండి: ఒక అదనపు చైను, గుండ్రటి ఆకురాయి, చైను నూనె, పెట్రోలులో కలిపే టూ-టీ ఆయిల్, మొహం మీద జాలీ ఉన్న హెల్మెట్, చెవులకు మఫ్‌లు, గ్లవ్స్, ముందు ఉక్కు ఉన్న బూట్లు, కాళ్లకు చాప్స్ అనే రక్షణ తొడుగులు. ఈ మిషన్ల చప్పుడు వంద డెసిబెల్స్ దాటుతుంది, చెవులకు ఏమీ లేకుండా పట్టుకోకూడదు. చాప్స్ లోపలి పోగులు చైనులో చిక్కుకుని స్ప్రాకెట్‌ను ఆపేస్తాయి, తొడ దక్కుతుంది. ఇవన్నీ కలిపితే చౌక మిషను ధర రెట్టింపు కావచ్చు. ఆ మొత్తం పెట్టలేకపోతే కొనకండి. పేరున్న మిషను కొన్నా ఈ ఖర్చు తప్పదు, అందుకే పోల్చేటప్పుడు రెండు వైపులా కలిపి పోల్చండి.

ఆకురాయి సైజు చైనును బట్టి ఉంటుంది. .325 చైనుకు 4.8 మిల్లీమీటర్లు, చిన్న మిషన్లకు వచ్చే 3/8 లో-ప్రొఫైల్ చైనుకు 4 మిల్లీమీటర్లు. పదునుందో లేదో తెలుసుకోవడానికి కింద పడే పొట్టు చూడండి. రేకులు రేకులుగా పడితే పదునుంది. పిండిలా రాలితే మొండైంది, అప్పుడు నొక్కకండి, ఆపి ఆకురాయి పట్టండి.

అనుమతి సంగతి

బెంగళూరులో చెట్టు మీ ఇంటి ఆవరణలోనే ఉన్నా, కొట్టాలంటే కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం, 1976 కింద ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. ఆంధ్రప్రదేశ్ వైపు నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది. కరెంటు తీగల దగ్గరి కొమ్మలను మీరు ముట్టుకోకండి, బెంగళూరులో అయితే కరెంటు సంస్థ బెస్కాంకు ఫోన్ చేయండి. మిషను చేతికి వచ్చింది కదా అని నిచ్చెనెక్కి కోయడం, భుజం కంటే పైకెత్తి కోయడం చేయకూడదు.

కొన్నాక మొదటి పది గంటలు

పెట్రోలులో టూ-టీ ఆయిల్ మాన్యువల్ చెప్పిన పాళ్లలో కలపండి. 25కు 1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 40కి 1 అయితే 25, 50కి 1 అయితే 20. జాసో ఎఫ్‌డీ అనే నాణ్యత గుర్తు రాసి ఉన్న టూ-టీ ఆయిల్ కొనండి. ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు పోయడానికి బంకువాళ్లు ఒప్పుకోరు, ఇనుప క్యాన్ తీసుకెళ్లండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, చౌక మిషన్ల రబ్బరు గొట్టాలను, కార్బురేటర్ పొరలను గట్టిపడేలా చేస్తుంది. అందుకే ఆ వారాంతానికి కావాల్సినంతే కలపండి.

కొత్త చైను మొదటి రోజు సాగుతుంది. పావుగంటకోసారి ఇంజన్ ఆపి, చల్లారాక చూడండి. కింద వేలాడకుండా, చేత్తో లాగితే సులభంగా జరిగేలా బిగించాలి. మొదటి ట్యాంకు అయ్యాక బయటి స్క్రూలన్నీ ఒకసారి బిగించండి. ప్లగ్గు విప్పి రంగు చూడండి. లేత గోధుమ రంగైతే సరే. నల్లగా, తడిగా ఉంటే నూనె గానీ పెట్రోలు గానీ ఎక్కువ. తెల్లబడితే వెంటనే మెకానిక్‌కు చూపించండి, పెట్రోలు చాలక పిస్టన్ కాలబోతోందన్నమాట. ఆదివారం సాయంత్రం బెంగళూరుకు బయలుదేరే ముందు మిగిలిన పెట్రోలు క్యాన్‌లోకి ఒంపి, మిషను దానంతట అదే ఆగిపోయేదాకా నడిపి, బారుకు తొడుగు వేసి లోపల పెట్టండి.